టైట్ ప్లేయర్ మీద మీడియం పాకెట్ పెయిర్లు: ఏడుల నుంచి జాకుల దాకా

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ కదా: న్యూజెర్సీలో 10-25 సెంట్ల పోకర్ టేబుల్లో ఆడుతున్నావు, చేతిలో 77 (ఏడుల పెయిర్) నుంచి జాకుల దాకా పెయిర్లు వస్తే బాగా టైట్‌గా ఆడేవాళ్ళ దగ్గరే డబ్బులు పోతున్నాయి, పెద్ద పాట్ అయితే వాళ్ళు క్వీన్స్, కింగ్స్ చూపిస్తున్నారు, సెట్ (మన పెయిర్‌కి బోర్డు మీద మూడో ముక్క) తగిలిన రోజు మాత్రం చిల్లర వస్తోంది, అసలు ఈ పెయిర్లు ఆడాలా ఫోల్డ్ చెయ్యాలా అని. ఆడాలి, కానీ ఎవరు ముందు రైజ్ చేశారన్నదాన్ని బట్టి. మీడియం పెయిర్ మనం రైజ్ చేసినప్పుడు ఒక చెయ్యి, నిట్ (అంటే ఆ బాగా టైట్‌గా ఆడేవాడు) రైజ్ చేసినప్పుడు పూర్తిగా వేరే చెయ్యి, ముక్కలు అవే అయినా సరే. నీ డబ్బు పోతున్నదంతా ఈ రెండింటినీ ఒకేలా ఆడటం వల్లే, నువ్వు పెట్టిన హ్యాండ్ చూస్తే తెలిసిపోతోంది, కాస్త కిందకెళ్ళాక దాని దగ్గరికి వస్తా.

లెక్కల్లోకి వెళ్ళే ముందు ఒక మాట, ఇది చదివే మనవాళ్ళు ఇండియాలో కూడా ఉంటారు కాబట్టి చెప్పి తీరాలి. తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో గేమింగ్ చట్టాలు మార్చి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధించారు, 2025 ఆగస్టులో కేంద్రం ఆన్‌లైన్ గేమింగ్ చట్టం తెచ్చి దేశం మొత్తం మీద డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలు ఆపేసింది. అక్కడున్నవాళ్ళు ఇది చదివి దొంగదారి యాప్‌ల వెంట పడొద్దు, డబ్బు ఇరుక్కుపోతే అడిగే దిక్కు ఉండదు. ఆట మీద ఇష్టముంటే ప్లే మనీ టేబుళ్ళలో నేర్చుకోండి, లెక్కలు అక్కడా ఇవే. న్యూజెర్సీలో 2013 నవంబర్ నుంచి లైసెన్సు సైట్లు నడుస్తున్నాయి, 21 ఏళ్ళు నిండినవాళ్ళు ఆడొచ్చు, అయినా ఇంటి అద్దె డబ్బుతో మాత్రం కూర్చోకు.

ఇక విషయం. హోల్డెమ్‌లో రెండు ముక్కలు 1326 రకాలుగా రావచ్చు. ఏ పాకెట్ పెయిర్ అయినా 6 రకాలుగా వస్తుంది, ఏస్-కింగ్ 16 రకాలుగా వస్తుంది (ఒకే జాతివి, అంటే సూటెడ్, 4, వేరే జాతులవి 12). ఈ మూడు అంకెలూ నోటికి వచ్చేస్తే సగం పని అయిపోయినట్టే. ఇప్పుడు నీ హడ్‌లో (ఎదుటివాళ్ళ ఆట అంకెలు చూపించే ప్రోగ్రామ్) ఎవడికైనా త్రీబెట్ (ఒకరి రైజ్ మీద మళ్ళీ రైజ్) 2.5 శాతం అని చూపిస్తోందనుకో, అంటే ఏంటి, 1326లో దాదాపు 34 రకాలు. క్వీన్స్, కింగ్స్, ఏసులు కలిపి 18, ఏస్-కింగ్ 16, మొత్తం 34. అంటే వాడు త్రీబెట్ కొట్టాడంటే ఆ 34లో ఒకటి చేతిలో పెట్టుకుని కొట్టాడు, అంతే. ఇందులో బ్లఫ్ లేదు, ఏస్-5 సూటెడ్ లేదు, "నా మీద కోపంతో కొట్టాడేమో" అనేది అసలే లేదు.

దీని మీద నీ పెయిర్ ఎంత బలమో చూడు. ఎనిమిదులు పెట్టుకుని ఈ 34 రకాల మీద ఆల్-ఇన్ (ముందున్న డబ్బంతా పెట్టడం) అయితే సుమారు 36 శాతం గెలుస్తావు. సరే, ఎనిమిదులు చిన్నవి, జాకులు పెట్టుకో. జాకులకి కూడా 36, 37 శాతమే! చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు కానీ కారణం చాలా సింపుల్, పెద్ద పెయిర్ ఎదురుగా ఉంటే ఎనిమిదులైనా జాకులైనా ఐదింట్లో ఒకసారే గెలుస్తాయి, ఏస్-కింగ్ ఎదురుగా ఉంటే ఏదైనా సగం కంటే కొంచెం పైన ఉంటుంది, మరి జాకులు ఎనిమిదుల కంటే ఎక్కువ సంపాదించాలంటే ఎదుటివాడి దగ్గర టెన్స్, నైన్స్ లాంటివి ఉండాలి కదా, ఈ నిట్ వాటితో త్రీబెట్టే కొట్టడు. లూజ్‌గా ఆడేవాడి మీద జాకులు బంగారం. ఈ నిట్ త్రీబెట్ మీద మాత్రం 77కీ జాకులకీ తేడా లేదు. నువ్వు జాకులు చూడగానే "ఇంత మంచి చెయ్యి ఎలా ఫోల్డ్ చేస్తాం" అని ఆల్-ఇన్ పోతున్నావు, ఏడులతో అలా పోవు కదా, అదే ఆలోచన అక్కడా ఉండాలి.

హడ్ అంకెల గురించి ఒక జాగ్రత్త. వీపిప్ (ఎంత శాతం చేతుల్లో తనంతట డబ్బు పెడతాడు) 12, పీఎఫ్ఆర్ (ఫ్లాప్‌కి ముందు ఎంత శాతం రైజ్ చేస్తాడు) 9 అని వంద చేతుల్లోనే దాదాపు తెలిసిపోతుంది, కానీ త్రీబెట్ అంకె అంత తొందరగా కుదురుకోదు, అవకాశమే తక్కువసార్లు వస్తుంది కాబట్టి. 60 చేతులు చూసి త్రీబెట్ సున్నా ఉంది కాబట్టి వీడు ఏసులతోనే కొడతాడు అనుకోవడం తప్పు. కొన్ని వందల చేతులు దాటాక నమ్ము. హడ్ పెట్టనివ్వని సైట్లో ఆడితే (జీజీపోకర్ లాంటి చోట్ల బయటి హడ్‌లు నిషేధం) షోడౌన్లు (చివర్లో ముక్కలు చూపించడం) గమనించి నోట్ రాసుకో, ముఖ్యంగా వాడు ఏస్-కింగ్ తగలనప్పుడు టర్న్‌లో (బోర్డు మీద నాలుగో ముక్క) ఏం చేశాడు అనేది. మొత్తం ఆటలో అంతకంటే పనికొచ్చే నోట్ లేదు, ఎందుకో ఇప్పుడు చెప్తా.

నీ హ్యాండ్ తీసుకుందాం. నువ్వు కటాఫ్‌లో (బటన్‌కి ముందు సీటు) తొమ్మిదుల పెయిర్‌తో 60 సెంట్లకి ఓపెన్ చేశావు, బటన్ (ఫ్లాప్ నుంచి అందరికంటే చివర ఆడే సీటు) మీదున్న 12/9 వాడు 2 డాలర్లకి త్రీబెట్ కొట్టాడు, బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే 10, 25 సెంట్లు తప్పనిసరిగా పెట్టే ఇద్దరు) ఫోల్డ్, నువ్వు కాల్. పాట్ 4.35. ఫ్లాప్ (బోర్డు మీద మొదటి మూడు ముక్కలు) ఇస్పేటు 8, ఆఠీను 6, కళావరు 2. నువ్వు చెక్, వాడు 2.50, నువ్వు కాల్. టర్న్ 3, చెక్, వాడు 6 డాలర్లు, కాల్. రివర్ (చివరి ముక్క) కింగ్, వాడు మిగిలిన 14.50 తోశాడు, నువ్వు చాలాసేపు ఆలోచించి కాల్ చేశానని రాశావు, వాడు క్వీన్స్ చూపించాడు. కింద "అన్నా, బోర్డు మీద ఒక్క కింగ్ తప్ప ఏమీ లేదు కదా, ఏస్-క్వీన్ బ్లఫ్ అనుకున్నా" అన్నావు.

ముందు ఫ్లాప్ చూద్దాం, ఎందుకంటే ఫ్లాప్‌లో నువ్వు చేసింది కరెక్టే. 2.50 పెట్టి 9.35 పాట్ కోసం పోరాడుతున్నావు, సుమారు 27 శాతం గెలిస్తే చాలు. 34 రకాల్లో 16 ఏస్-కింగ్, వాటి మీద నీకు 75 శాతం దాకా ఉంది, మిగతా 18 పెద్ద పెయిర్ల మీద 8, 9 శాతం ఉంది. కలిపితే దగ్గర దగ్గర 40. కాల్ న్యాయమే. మరి టర్న్‌లో ఏం మారింది? బోర్డు మీద 3 పడటం వల్ల ఏమీ మారలేదు. వాడు రెండోసారి బెట్ పెట్టడం వల్ల మారింది. నిట్ అనేవాడు ఫ్లాప్‌లో ఏస్-కింగ్‌తో అలవాటుగా ఒక బెట్ పెడతాడు, నువ్వు కాల్ చేశాక టర్న్‌లో చాలామంది చెయ్యి ఎత్తేస్తారు, చెక్ చేస్తారు. ఆ 16లో ఒక 4 మాత్రమే రెండో బెట్ పెడతాయనుకో, 18 పెద్ద పెయిర్లు మాత్రం అన్నీ పెడతాయి. ఇప్పుడు నీ ఎదురుగా 22 రకాలు, అందులో 4 మీద నువ్వు ముందున్నావు, మొత్తం మీద నీ గెలుపు 20 శాతం దాటదు, 6 డాలర్ల కాల్‌కి 28 కావాలి, పైగా రివర్ బెట్ ఇంకా రావాల్సి ఉంది. ఫోల్డ్. వాడు టర్న్‌లో ఏస్-కింగ్‌తో కూడా కొట్టే రకమైతే ఈ లెక్క తిరగబడుతుంది, అందుకే ఆ నోట్ రాసుకోమన్నా.

రివర్ కాల్ మాత్రం అస్సలు కుదరదు. కింగ్ పడింది, ఇప్పటిదాకా నువ్వు ఓడించగలిగిన ఏస్-కింగ్ కూడా నీ పైకి వెళ్ళిపోయింది. ఆ 34 రకాల్లో నీ తొమ్మిదులకి ఓడిపోయే చెయ్యి ఒక్కటైనా మిగిలిందా? లేదు. ఏస్-క్వీన్ బ్లఫ్ అన్నావు, వాడు ఏస్-క్వీన్‌తో త్రీబెట్టే కొట్టడు, కొట్టినా మూడు వీధుల్లో డబ్బు తొయ్యడు. "పాట్ పెద్దదైంది, పెట్టేదానికి రెండున్నర రెట్లు ఉంది కదా..." లాంటి లెక్కలు ఎదుటివాడి దగ్గర కనీసం కొన్ని ఓడిపోయే చేతులు ఉన్నప్పుడే.

ఇంతకీ ప్రీఫ్లాప్ (ఫ్లాప్‌కి ముందు) కాలే ఉండకూడదు అంటాను నేను. ఎందుకంటే వాడు బటన్ మీద, నువ్వు పొజిషన్ లేకుండా ముందు మాట్లాడాలి. సెట్ కోసం అని కాల్ చేస్తారు అందరూ, సరే ఆ లెక్కే వేద్దాం. పాకెట్ పెయిర్‌కి ఫ్లాప్‌లో సెట్ (లేదా అంతకంటే పెద్దది) తగిలేది 11.8 శాతం, అంటే ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి. ఏడున్నరసార్లు పోయిన కాల్ డబ్బు, తగిలిన ఆ ఒక్కసారిలో తిరిగి రావాలి. నీ కాల్ 1.40, అంటే తగిలినప్పుడు సగటున 10.50 గెలవాలి, పాట్‌లో అప్పటికే 2.95 ఉంది కాబట్టి వాడి మిగతా 23 డాలర్ల నుంచి ప్రతిసారీ సగటున ఏడున్నర లాగాలి. వినడానికి సాధ్యమే అనిపిస్తుంది. కానీ వాడి దగ్గర సగంసార్లు ఏస్-కింగ్ ఉంటుంది, అది తగలకపోతే ఒక బెట్ పెట్టి పోతాడు, కింగ్స్ ఉన్నప్పుడు ఏస్ పడితే నెమ్మదిస్తాడు, అప్పుడప్పుడు నీ సెట్ మీద వాడి పెద్ద సెట్ పడుతుంది, మధ్యలో సైటు రేక్ (పాట్‌లో తన వాటా) తీసుకుంటుంది. నువ్వు ముందు మాట్లాడే చోట కూర్చుని ఇవన్నీ దాటి ఏడున్నర లాగడం కష్టం. పొజిషన్ ఉండి, స్టాకులు ఇద్దరివీ 100 బిగ్ బ్లైండ్లకి (నీ టేబుల్లో 25 డాలర్లు) పైన ఉంటే కాల్ గురించి ఆలోచించు. త్రీబెట్ పెద్దదిగా కొట్టినా, స్టాక్ 60, 70 బ్లైండ్లే ఉన్నా ఆలోచన కూడా వద్దు.

మన ఊళ్ళల్లో రమ్మీ ఆడినవాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది, ఫస్ట్ డ్రాప్ అయితే 20 పాయింట్లు, మిడిల్ డ్రాప్ అయితే 40, ముక్కలు బాలేవని మొదట్లోనే తెలిస్తే ఎవడూ మధ్యదాకా లాగడు కదా, త్రీబెట్‌కి 60 సెంట్లు వదిలెయ్యడం ఫస్ట్ డ్రాపే.

ఇప్పుడు వాడు మామూలుగా ఓపెన్ చేసినప్పుడు, అంటే త్రీబెట్ కాదు, అండర్ ద గన్ (అందరికంటే ముందు ఆడే సీటు) నుంచి 75 సెంట్లు. నువ్వు బటన్ మీద ఎనిమిదులతో ఉన్నావు. ఇక్కడ వాడి రేంజ్ (వాడి దగ్గర ఉండగల చేతులన్నీ) కొంచెం వెడల్పు, తొమ్మిదుల నుంచి పైకి అన్ని పెయిర్లు, ఏస్-క్వీన్, ఏస్-కింగ్ అనుకుందాం: 36 పెయిర్లు, 32 ఏస్ చేతులు, మొత్తం 68, అన్ని చేతుల్లో 5 శాతం. కాల్ బాగుంటుంది. 75 సెంట్లకి వెనకాల 24.25 ఉంది, ముప్ఫై రెట్లు పైనే, పొజిషన్ నీది. నేనైతే ఇలాంటి నిట్ మీద సెట్ కోసం కాల్ చెయ్యాలంటే కాల్‌కి కనీసం 15 నుంచి 20 రెట్లు ఇద్దరి స్టాకుల్లోనూ ఉండాలని చూసుకుంటా.

ఇక్కడ త్రీబెట్ మాత్రం కొట్టకు, ఎనిమిదులతోనే కాదు జాకులతో కూడా వద్దు. జాకులు వాడి తొమ్మిదులు, టెన్స్ మీద గెలుస్తాయి, ఏస్-క్వీన్ మీద ముందుంటాయి, నువ్వు త్రీబెట్ కొట్టగానే వాడు సరిగ్గా అవే ఫోల్డ్ చేసి క్వీన్స్, కింగ్స్, ఏసులు, ఏస్-కింగ్ మాత్రమే ఉంచుకుంటాడు, అంటే నీకు డబ్బులిచ్చే చేతుల్ని నువ్వే బయటికి పంపించేసి నిన్ను కొట్టే చేతులతో పెద్ద పాట్ ఆడుతున్నావు. కాల్ చేస్తే అవన్నీ లోపలే ఉంటాయి.

కాల్ చేశాక ఫ్లాప్ వచ్చింది, ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి సెట్, మిగతావాటిలో? ఎనిమిదులు పెట్టుకుంటే ఫ్లాప్‌లో కనీసం ఒక పెద్ద ముక్క పడేది 87 శాతం సార్లు, తొమ్మిదులకి 79, టెన్స్‌కి 69, జాకులకి 57. కాబట్టి ఓవర్‌కార్డ్ పడిందని ప్రతిసారీ భయపడి ఫోల్డ్ చెయ్యడం కుదరదు, ఏ ముక్క పడింది అనేది చూడాలి. ఏస్ పడి వాడు బెట్ పెట్టాడా, వదిలెయ్, ఆ 32 ఏస్ చేతులూ తగిలాయి (బోర్డు మీద ఒకటి పోయింది కాబట్టి 24 అనుకో), ఏసుల పెయిర్ 3 రకాలు కూడా. ఏస్ పడి వాడు చెక్ చేశాడా, ఇక్కడ చాలామంది ఎగిరి బెట్ పెట్టేస్తారు, నేను సాధారణంగా చెక్ చేసి ఫ్రీగా టర్న్ చూస్తా, ఎందుకంటే వాడు చెక్ చేసినవి ఎక్కువగా టెన్స్, జాక్స్, క్వీన్స్, నీ చిన్న బెట్‌కి ఒకసారి కాల్ చేస్తాడు, నీ ఎనిమిదులు వాటికి ఓడిపోతాయి. టర్న్‌లో కూడా చెక్ చేస్తే అప్పుడు పాట్‌లో సగానికి పైన బెట్ పెట్టు, నిట్ రెండుసార్లు చెక్ చేశాడంటే నీ దగ్గర ఏస్ ఉందని నమ్మడానికి రెడీగా ఉన్నాడు, టెన్స్ కూడా పారేస్తాడు.

జాక్ గానీ టెన్ గానీ పెద్ద ముక్కగా పడిన బోర్డు, ఉదాహరణకి టెన్-5-2, ఇది ఎనిమిదులకి అంత చెడ్డ బోర్డు కాదు, 32 ఏస్ చేతుల్లో ఒక్కటీ తగల్లేదు. వాడు సగం పాట్ పెడితే ఒక కాల్. టర్న్‌లో మళ్ళీ పెడితే ఫోల్డ్, ఇందాకటి లెక్కే. మధ్యలో రైజ్ చేసి "ఎక్కడున్నానో తెలుసుకుందాం" అనే అలవాటు కొంతమందికి ఉంది, నాకు అది అస్సలు నచ్చదు, నిట్ కాల్ చేస్తేనో తిరిగి కొడితేనో తెలిసేది ఏంటి, ఓడిపోయాం అని, దానికి మూడు రెట్లు డబ్బు ఎందుకు కట్టాలి, టర్న్ బెట్ ఎలాగూ అదే సంగతి ఫ్రీగా చెప్తుంది.

ఇప్పుడు అసలు డబ్బు ఉన్న చోటు, సెట్ తగిలాక. "చిల్లరే వస్తోంది" అన్నావు, ఎందుకో చూపిస్తా. అదే హ్యాండ్, వాడు 75 సెంట్లు, నువ్వు ఎనిమిదులతో కాల్, బ్లైండ్స్ ఫోల్డ్, పాట్ 1.85. ఫ్లాప్ ఇస్పేటు క్వీన్, డైమండు 8, కళావరు 3. వాడి దగ్గర ఏసులు. వాడు సగం పాట్ బెట్ పెడుతున్నాడు, నువ్వు "వాడిని భయపెట్టకూడదు" అని మూడు వీధులూ కాల్ చేసుకుంటూ పోయావు. సగం పాట్ బెట్, కాల్ అయితే పాట్ ప్రతి వీధిలో రెట్టింపు అవుతుంది: 1.85, 3.70, 7.40, 14.80. అంటే వాడి జేబులోంచి మొత్తం వచ్చింది ఆరున్నర డాలర్లు, ఇంకా పదిహేడు పైన వాడి ముందే ఉన్నాయి, ఏసులు పట్టుకున్నవాడి ముందు! ఇంకా దారుణం ఏంటంటే, 75 సెంట్ల కాల్ గిట్టుబాటు కావాలంటే సెట్ తగిలినప్పుడల్లా పాట్‌లో ఉన్నది కాక ఇంకో నాలుగున్నర సగటున రావాలి, వాడి దగ్గర సగంసార్లు ఏస్-కింగ్ లాంటివి ఉండి ఒక బెట్‌తో ఆపేస్తాడు కాబట్టి నీ సగటు నాలుగు కూడా దాటడం లేదు. అంటే సెట్ తగిలినా నెమ్మదిగా ఆడితే ఆ కాల్ మొత్తం మీద నష్టమే. స్టాక్ మొత్తం లోపలికి వెళ్ళాలంటే మూడు వీధుల్లోనూ దాదాపు పాట్ అంత బెట్లు పడాలి, వాడు అంత పెట్టడు కాబట్టి ఎక్కడో ఒకచోట నువ్వు రైజ్ చేసి తీరాలి.

ఎక్కడ? పైన చెప్పినట్టు పొడిగా ఉన్న క్వీన్-8-3 బోర్డు అయితే ఫ్లాప్‌లో కాల్ చేసి టర్న్‌లో రైజ్ చెయ్యి, ఎందుకంటే ఏస్-కింగ్ ఉన్నవాడు ఫ్లాప్ బెట్ పెట్టేస్తాడు, టర్న్‌లో కూడా బెట్ పెట్టాడంటే అప్పటికి పెద్ద పెయిరో ఏస్-క్వీనో ఉందని తేలిపోయింది, అది వాడు వదలడు. 92 సెంట్ల ఫ్లాప్ కాల్ అయ్యాక పాట్ 3.70, టర్న్‌లో వాడు 2 పెడితే నువ్వు 6 చెయ్యి, వాడు కాల్ చేస్తే పాట్ 15.70, రివర్‌కి మిగిలింది 17 పైచిలుకు, అక్కడ ఒక్క బెట్‌తో మొత్తం అయిపోతుంది. ఫ్లాప్‌లో రెండు ముక్కలు ఒకే జాతివో, 9-8-7 లాంటి స్ట్రెయిట్ వాసన ఉన్నవో అయితే ఆగకు, అక్కడికక్కడే రైజ్, ఎందుకంటే టర్న్‌లో మూడో ఆఠీనో, 10 ముక్కో పడితే నిట్ ఏసులు కూడా పారేసి కూర్చుంటాడు, అప్పుడు నీ చెయ్యి బాగానే ఉన్నా డబ్బు రాదు. సెట్ మీద పెద్ద సెట్ పడుతుందేమో అని 100 బ్లైండ్ల స్టాక్‌తో భయపడొద్దు, అప్పుడప్పుడు పడుతుంది, పడనీ.

ఇంకో రకం పరిస్థితి, నిట్ ఓపెన్ చేశాక మధ్యలో ఇంకో ఇద్దరు కాల్ చేశారు. మీడియం పెయిర్‌కి ఇంతకంటే మంచి సీటు లేదు, ఎవడో ఒకడు డబ్బిస్తాడు, నువ్వు కట్టేది మాత్రం అదే 75 సెంట్లు. కానీ సెట్ తగలకపోతే అక్కడితో ఆగిపో, నలుగురి మధ్య ఎనిమిదులతో ఫ్లాప్ కాల్‌లు వద్దు. అలాగే నీ వెనకాల బ్లైండ్స్‌లో ఊరికే స్క్వీజ్ (రైజ్, కాల్ అయ్యాక వాటి మీద పెద్ద రైజ్) కొట్టే దూకుడు మనిషి ఉంటే చిన్న పెయిర్లు కాల్ చెయ్యడం తగ్గించు, ఫ్లాప్ చూడకుండానే కాల్ డబ్బు పోతుంది.

ఇప్పటిదాకా వాడు రైజ్ చేసిన కథ. నువ్వు ముందు రైజ్ చేసే కథలో మీడియం పెయిర్ రాజు. టేబుల్లో అందరూ నిట్లే అని విసుక్కుంటారు కానీ నిట్లు బ్లైండ్స్‌లో ఉంటే నీ బటన్ నీకు జీతం. 60 సెంట్లు పెట్టి 35 సెంట్ల బ్లైండ్స్ కోసం ఆడుతున్నావు, ఇద్దరూ కలిసి 63 శాతం సార్లు ఫోల్డ్ చేస్తే చాలు, ఏ ముక్కలున్నా అప్పటికప్పుడే లాభం. ఒక్కొక్కడూ 85 శాతం ఫోల్డ్ చేసే రకమైతే ఇద్దరూ ఒకేసారి ఫోల్డ్ చేసేది 72 శాతం. నీ దగ్గర ఎనిమిదులుంటే కాల్ వచ్చినా ఇబ్బంది లేదు. పైన త్రీబెట్‌కి ఫోల్డ్ చెయ్యమన్నప్పుడు నీకు బాధగా అనిపించే ఆ 60 సెంట్లు ఇక్కడి నుంచే తిరిగొస్తున్నాయి, అవి విడివిడిగా చూడకు.

వాడు బిగ్ బ్లైండ్ నుంచి ఊరికే కాల్ చేస్తే ఏస్-కింగ్, కింగ్స్, ఏసులు దాదాపు లేవు, ఉంటే త్రీబెట్ కొట్టేవాడు. మిగిలినవి 66 నుంచి జాకుల దాకా పెయిర్లు, ఏస్-క్వీన్, ఏస్-జాక్ సూటెడ్, కింగ్-క్వీన్ సూటెడ్ లాంటివి. కింగ్-7-2 లాంటి ఫ్లాప్ పడితే పాట్‌లో మూడోవంతు బెట్ పెట్టు, ఆ బోర్డు నీది, వాడు చిన్న పెయిర్లు అక్కడే పారేస్తాడు, తొమ్మిదులూ టెన్సూ ఒక కాల్ చేసి టర్న్‌లో ఆలోచిస్తాయి. 7-5-2 పడితే సగానికి పైన పెట్టు, నీ ఎనిమిదులు ఇక్కడ నిజంగానే బలం, ఏస్-జాక్‌కి ఊరికే ముక్క చూపించకు. కానీ వాడు చెక్-రైజ్ (ముందు చెక్ చేసి, నీ బెట్ మీద రైజ్) కొట్టాడా, ఇంక మాటల్లేవు, వదిలెయ్. చిన్న స్టేక్స్‌లో నిట్ చెక్-రైజ్ బ్లఫ్ అవ్వడం నేను చూసింది బహు తక్కువ, దాన్ని పట్టుకోవడానికి కట్టే డబ్బు దానికి తగదు.

టోర్నమెంట్ల గురించి కూడా చివర్లో ఒక లైన్ అడిగావు, 15 బ్లైండ్ల స్టాక్‌తో ఎనిమిదులు వస్తే ఏం చెయ్యాలని. ఎవరూ రైజ్ చెయ్యకుండా నీ దాకా వస్తే, మధ్య సీటు నుంచి నువ్వే ఆల్-ఇన్ తొయ్యొచ్చు, వెనకాల నిట్లుంటే ఇంకా మంచిది, చాలాసార్లు అందరూ ఫోల్డ్, బ్లైండ్స్, యాంటీలు (ఆట మొదలయ్యే ముందు పాట్‌లో వేసే చిన్న మొత్తాలు) నీవి. అదే నిట్ ముందు సీటు నుంచి 15 బ్లైండ్లు తోశాడనుకో, వాడి 99, ఆపైన పెయిర్లు, ఏస్-క్వీన్, ఏస్-కింగ్ మీద నీకు ఉన్నది 36 శాతం, పాట్‌లో బ్లైండ్స్, యాంటీ కలిపినా నీకు కావల్సింది 46 దాకా. డబ్బుల బబుల్ (ప్రైజులకి కొద్దిలో ఉన్న దశ) దగ్గరైతే ఇంకా ఎక్కువ కావాలి. కాబట్టి అదే ఎనిమిదులు, అదే 15 బ్లైండ్లు, నువ్వు తోస్తే మంచి ఆట, వాడు తోస్తే ఫోల్డ్.

ఈ లెక్కలు నా మాట మీద నమ్మాల్సిన పని లేదు, గెలుపు శాతం లెక్కకట్టే ఈక్విలాబ్ లాంటి ప్రోగ్రామ్‌లో నీ పెయిర్ ఒకవైపు, క్వీన్స్, ఆపైన పెయిర్లు, ఏస్-కింగ్ ఇంకోవైపు పెట్టి చూడు, ఆ తర్వాత రేంజ్‌లో టెన్స్, జాక్స్, ఏస్-క్వీన్ కలుపుతూ పోయి ఎక్కడ నీ జాకులు 50 శాతం దాటుతాయో గమనించు, ఒక గంట పని. నీ ట్రాకర్‌లో (ఆడిన చేతులన్నీ దాచే ప్రోగ్రామ్) 77 నుంచి జాకుల దాకా ఫిల్టర్ పెట్టి, నువ్వు ఓపెన్ చేసినవి, కాల్ చేసినవి, త్రీబెట్‌కి కాల్ చేసినవి అని మూడు ముక్కలుగా విడగొట్టి గెలుపోటములు చూడు, మూడోదే నీ ఎర్రంకె అయ్యుంటుందని నా అంచనా. తర్వాత చేతులు పెట్టేటప్పుడు ఇద్దరి స్టాకులు, వాడి త్రీబెట్ శాతం, ఎన్ని చేతుల శాంపిలో తప్పకుండా రాయి, ప్లేయర్ల పేర్లు తీసేసి పెట్టు, చూసి చెప్తా.